కొబ్బరికొట్టులో ఎంపిక

2003 వేసవి. పి.గన్నవరంలో ఒక కొబ్బరికొట్టు ముందు కూర్చుని ఓ అమ్మాయి, వలిచిన కాయల్ని దూరంగా ఉన్న రాశి మీదికి విసురుతోంది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. హైస్కూలు డ్రిల్లు మాస్టారు సైకిలు దిగి కాసేపు చూశారు.

“వికలాంగుల లెక్కకైతే మొన్ననే రాసుకెళ్ళేరండి,” అందామె.

“లెక్కకి కాదమ్మా. వికలాంగులకి ఇనప గుండు విసిరే పోటీ ఉంది. కాకినాడలో గెలిస్తే రాష్ట్రానికి, ఆపైన విదేశాలకి.”

“మాలాంటోళ్ళకి పోటీలేంటండీ? జాలిపడి పెట్టేరా?”

“జాలి కాదు. యుద్ధంలో నడుం విరిగిన సిపాయిల చేత ఇంగ్లండులో ఒక డాక్టరు ఆస్పత్రి ఆవరణలోనే బాణాలు వేయించేడు. ఆ తొలి పోటీలో పదహారు మందే. మూడేళ్ళ కిందట సిడ్నీలో జరిగిన వికలాంగుల ఒలింపిక్స్‌లో దగ్గర దగ్గర నాలుగు వేల మంది ఆడేరు.”

ఆమె చేతిలో కాయ ఆగింది.

“మరి నేను నిలబడలేనుగదండీ.”

“నిలబడక్కర్లేదు. కూర్చునే విసరాలి. కుర్చీలోంచి లేస్తే ఆ విసురు చెల్లదు.”

“ఆయ్.”

కాయ రాశిని దాటి, అవతల గోడకి తగిలింది.

“లేవలేదని తిట్టినోళ్ళనే చూసేనండి ఇన్నాళ్ళూ. లేస్తే తప్పన్నోళ్ళని ఇయ్యాలే చూస్తన్నాను. కాకినాడ ఎప్పుడెళ్ళాలండీ?”