ప్రవక్తలత్తయ్య

ఎవరూ, ఫోటోలో ఆ చివర నోరు తెరుచుకుని ఉన్నావిడా? ఆవిడే మా మేనత్త, మా నాన్నకి అక్క. ఎప్పుడూ బైబిల్లో ప్రవక్తల కథలే చెబుతుందని ఊరంతా ప్రవక్తలత్తయ్య అనేవాళ్ళు. ఫోటో తీసేవాడు కదలొద్దమ్మా అని మొత్తుకుంటున్నాడు, ఈవిడేమో వాడికి దానియేలు సింహాల గుహ కథ చెబుతోంది. వాడు మీట నొక్కే వేళకి కథలో దేవదూత వచ్చి సింహాల నోళ్ళు మూసేశాడు గానీ అత్తయ్య నోరు మూతపడలేదు. కూర్చో తల్లీ, ఆ కుర్చీ ఇటు లాక్కో. ఈవిడ సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మాది రొట్టెల బట్టీ అని తెలుసుగా. వెనక గదిలో పొడుగాటి చెక్క బల్ల, దాని చుట్టూ మేమంతా పిండి పిసుకుతుంటే అత్తయ్య మొదలుపెట్టేది. చదివి చెప్పడం కాదు, పక్కింట్లో ఇప్పుడే చూసొచ్చినట్టు చెప్పేది. యెహెజ్కేలుకి కనబడ్డ చక్రాలు వచ్చాయంటే, "చక్రంలో చక్రం రా, అంచు చుట్టూ కళ్ళు రా, ఎటు పోయినా నిన్నే చూస్తాయి" అంటూ రెండు జల్లెడలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పైకెత్తి తిప్పేది. పిండంతా మా నెత్తిన రాలేది. ఇక ఎవరి దేవుడు ఆకాశం నుంచి నిప్పు దింపుతాడా అని కొండ మీద ఏలీయా పోటీ అయితే చెప్పక్కర్లేదు. అవతలి పూజారులు పొద్దుట్నించీ గంతులేసి అరుస్తున్నారు, మా దేవుడా నిప్పు పంపు అని. ఏలీయా నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకాస్త గట్టిగా అరవండయ్యా, మీవాడు కునుకు తీశాడేమో, ఏ దొడ్డికో వెళ్ళాడేమో" అంటాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఒకసారి ఆ నిప్పు దిగేలోపు బల్ల దగ్గర ఒక్కడు లేడు, అందరం ఆవిడ చుట్టూ చేరిపోయాం. తొట్టిలో పులిసిన పిండి పొంగి, అంచు దాటి, నేల మీదకి పాకింది. నాన్న వచ్చి చూసి లబోదిబోమన్నాడు. పని వేళ ఏలీయా వద్దక్కా, చెబితే యోనా చెప్పు, ఆయన చేప కడుపులో కదలకుండా పడుంటాడు, వీళ్ళ చేతులాడతాయి అన్నాడు. అప్పట్నించీ పిండి తొట్టిలో ఉంటే యోనా, బట్టీలోకి వెళితే ఏలీయా. అదీ మా ఇంటి చట్టం.

ఏమంటున్నాను... ఆ, మీ తాత. మా అన్నయ్య. బట్టీ ముందు నిలబడేది వాడే, రొట్టెలు పెట్టేదీ తీసేదీ వాడే. మీ అమ్మని కని మీ అమ్మమ్మ కళ్ళు మూసింది చూడూ, వాడు పిండి బస్తాల గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు. అవతల గదిలో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నా లేవడు. నాకింక చాలు, నన్ను వదిలెయ్యండి అన్నాడు, అంతే, మళ్ళీ మాట లేదు. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వీడూ పోతాడని భయం తల్లీ, ఉన్నమాట చెబుతున్నా. పాస్టరు గారు వచ్చి ఓర్పు గురించి చెప్పారు. మామయ్యలు వచ్చి మగాడివి, ఏంటిది అన్నారు. పక్కింటాయన తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి వెళ్ళాడు. అన్నీ గోడకి చెప్పినట్టే. ఇక అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడ లోపలికి వెళుతుంటే తలుపు సందుకి చెవి ఆనించాను, ఇవాళ ఏలీయాని ఆకాశానికి తీసుకెళ్ళిన ఆ అగ్నిరథమే దిగుతుంది అనుకున్నా.

ఏదీ? ఓ చిన్న రొట్టె, చెంబుడు నీళ్ళు వాడి తల దగ్గర పెట్టి, "లే, తిను" అంది. వాడు ఓ ముక్క కొరికి మళ్ళీ పడుకున్నాడు. ఈవిడ బయటికొచ్చేసింది. నాన్నకి ఒళ్ళు మండిపోయింది, ఇన్నేళ్ళూ మా చెవులకి చిల్లులు పొడిచావు, అవసరానికి ఒక్క మాట రాలేదా అని కేకలు. అప్పుడు చెప్పింది, మాకెప్పుడూ చెప్పని కథ, గొంతు తగ్గించి. "ఆ నిప్పు దింపిన ఏలీయానే, రాణి చంపుతానంటే పారిపోయి, ఎడారిలో చెట్టుకింద పడి, చాలు దేవుడా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెయ్యలేదురా తమ్ముడూ. రొట్టె పెట్టించాడు. పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టించాడు. నేనింకోసారి పెట్టాలి, అడ్డు లే."

రెండో రొట్టె ఆవిడే కాల్చింది. కథలు తప్ప బట్టీ పని ఎరగని మనిషి. తీసుకెళ్ళి వాణ్ణి లేపి, "తిను, పిల్లనెత్తుకుని చాలా దూరం నడవాలి నువ్వు" అంది. వాడు లేచి కూర్చున్నాడు. ఓ ముక్క నమిలాడు. రొట్టె తిరగేసి చూశాడు. "అడుగు మాడింది. బట్టీ దగ్గర ఎవరున్నారు?" అన్నాడు. వాడే లేచాడు తల్లీ! గోడ పట్టుకుంటూ బట్టీ దగ్గరికెళ్ళి, నిప్పులు పక్కకి లాగుతూ మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఎంత బాగున్నాయో ఆ తిట్లు, ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. నాన్న పరిగెత్తుకెళ్ళి మీ అమ్మని తెచ్చి వాడి చేతుల్లో పెట్టాడు. అత్తయ్య పిండి బస్తా మీద కూలబడి ఏడ్చింది. అంత నోరున్న మనిషి, ఏడిస్తే చప్పుడే లేదు. నేను దగ్గరికి వెళ్ళి...

ఆ కిటికీ వెయ్యమ్మా. కళ్ళల్లోకి దుమ్ము వస్తోంది.