ఎడమ డబ్బ మంచిగనే ఉంది

"తాతా, గీ రెండు పెద్ద స్పీకరు డబ్బలల్ల ఒక్కదానికే చిన్న స్పీకరుంది. రెండోదాంట్ల ఉత్త బొక్కే ఉందేంది?"

ఆఁ? జర గట్టిగ అను బిడ్డా. గిటు రా, గీ కుడి చెవి దిక్కు కూసో. ఇప్పుడను... ఓ, గా డబ్బల ముచ్చటా! మీ అమ్మ చెప్పలేదా నీకు? చెప్పదు లే. దానికి నా మీద ఇంకా కోపముంది. ఉండనీ. ఉండాల్సిందే.

కరీంనగరుకు తీస్కపోయి బాగుచేపిచ్చుకుంట అంటున్నవ్ గద. తీస్కపో, నేను వద్దంటలే. గని అది ఎట్ల ఖరాబయిందో తెలుసుకొనే తీస్కపో.

గవి మిషన్ బంగ్లల ఉండే డాక్టరమ్మవి. తెల్లామె. ఆమె తన దేశం పోయేటప్పుడు సామాన్లన్ని అమ్మింది. డెబ్బై మూడుల... కాదు కాదు, మీ అమ్మ పుట్టినంక గద, డెబ్బై అయిదు అయి ఉంటది. మా లగ్గమే అరువై తొమ్మిదిల అయ్యె. గప్పుడు తెలంగాణ లొల్లి నడుస్తుండె, బస్సులు బందు, హుజూరాబాద్ సంది పిల్లదిక్కోళ్ళంత ఎడ్లబండ్ల మీద వచ్చిండ్రు. మీ అమ్మమ్మ దారిపొడుగునా పాడుకుంటనే వచ్చిందట. పెండ్లిపిల్ల పాడుడేందని వాళ్ళ మేనత్త గిచ్చిందట గూడ. ఏం చెప్తున్న నేను... ఆఁ, డాక్టరమ్మ.

మంచాలు, బీరువలు అందరు ఎగబడి కొనుక్కున్నరు. గీ రెండిటిని ఎవ్వలు ముట్టలే. నా రొమ్ము దాక ఎత్తు, ఇద్దరు పడితె గని లేవనంత బరువు. ముంగటి గుడ్డ చినిగి ఏలాడుతుంది, లోపట ఎలుకలు పిల్లలు పెట్టినయ్. బియ్యం కిలో రూపాయిన్నర ఉన్న రోజులల్ల రెండు నెలల జీతం పోసి కొన్న. మా బాపు సూసి, "గీ పీనుగుల పెట్టెలు ఇంట్లకెందుకు తెచ్చినవ్‌రా" అన్నడు. గప్పుడు నవ్విన.

నేను గప్పుడు పెద్దపల్లిల బియ్యం గిర్నిల ఇంజను మెకానిక్‌ను. పగలంత గిర్నిల పని, ఇంటికొచ్చినంక రేడియోలు, టేపులు బాగుచేసుడు. గిర్ని లారీలనే, తవుడు బస్తల నడుమ పెట్టి, ఒక్క గీత పడకుంట తెచ్చిన గీటిని.

సరే, ఇప్పి సూస్తె ఏందంటె... పెద్ద స్పీకరు కాగితం మంచిగనే ఉంది. గని దాని సుట్టు అంచు ఉంటది సూడు, కాగితం ఊగాలెనంటె మెత్తగ ఉండాలె గద, గా అంచు మొత్తం పొడిపొడి అయింది. హైదరాబాదుల అడిగిన, దొరకదన్నరు. ఆరు నెలలు గట్లనే పడి ఉన్నయ్. ఒకనాడు మీ అమ్మమ్మనే తన పాత తెల్ల నూలుచీర తెచ్చి, "గిదేమన్న పనికొస్తదా సూడు" అన్నది. ఉతికి ఉతికి మస్తు మెత్తగైన చీర. గుండ్రంగ కత్తిరిచ్చినం. గొంగళ్ళు నేసేటోళ్ళు వాడుతరే, చింతగింజలు నూరి ఉడకబెట్టిన జిగురు, దాంతోని అంటిచ్చినం. మొదటిసారి గుడ్డ అట్ట లెక్క బిగుసుకపోయింది. రెండోసారి ఊడిపోయింది. మూడోసారి ఆమె పట్టుకుంటె నేను అంటిచ్చిన. గదే ఇప్పటిదాక ఉన్నది. ఏలు పెట్టి సూడు. మెల్లగ, మెల్లగ. గదే మీ అమ్మమ్మ చీర.

మోగిచ్చిన నాడు కీర్తనల గ్రామఫోను ప్లేటు పెట్టిన. పాట చివరికి తాళాలు ఒక్కసారి కొట్టి ఇడిసిపెడ్తరు, గా సప్పుడు సన్నగ సాగి సాగి పోతది. మీ అమ్మమ్మ పిండి చేతులతోనే వచ్చి నిలబడ్డది. సప్పుడు మొత్తం పోయేదాక ఇన్నది. "ఇంకోసారి పెట్టు" అన్నది. గంతే. ఇగ గా తాళమే నాకు పరీక్ష. ఏది బాగుచేసినా గా ప్లేటే పెడ్తుంటి, తాళం చివరిదాక ఇనబడితె పని మంచిగైనట్టు.

నా చెవికి ఊర్ల పేరుండె బిడ్డా. చర్చిల హార్మోనియం జర తేడా వచ్చినా నన్నే పిలుస్తుండిరి. క్రిస్మస్ పాటలకు ఎవరు ముందల నిలబడాలె, ఎవరు ఎనుకకు పోవాలె, నేనే చెప్తుంటి. ముందల ఎప్పుడు మీ అమ్మమ్మనే. పెండ్లామని కాదు, గా గొంతు గట్ల ఉండె. టేపు కొన్నంక మొట్టమొదట ఆమె పాటనే పట్టిన. గీ డబ్బలల్ల పెట్టి ఇనిపిస్తె సిగ్గుపడి వంటింట్లకు ఉరికింది.

గిర్ని సప్పుడు సంగతి నీకు తెల్వదు. ఇంజను పక్కన నిలబడితె పక్కోని మాట ఇనబడది. మీ అమ్మమ్మ పొద్దున్నే నా చెవులల్ల దూది పెట్టి పంపుతుండె. నేను గిర్ని గేటు కాడ తీసి పారేస్తుంటి. ఎందుకంటె ఇంజనుకు ఏం రోగమొచ్చిందో సప్పుడు ఇనే చెప్పాలె గద, దూది పెట్టుకుంటె ఏమినబడ్తది? గది నా అన్నం పెట్టే విద్దె అనుకున్న. పదిహేనేండ్లు గట్లనే చేసిన.

మెల్లమెల్లగ తాళం సప్పుడు పోయింది. మొదలు చివర తోక పోయింది, తర్వాత మొత్తానికే మొద్దుగ, కట్టెను కట్టెతోని కొట్టినట్టు. నేనేమనుకున్న? చిన్న స్పీకర్లు ఖరాబైనయ్ అనుకున్న. సన్న సప్పుళ్ళు అవే ఇస్తయి గద. కుడి దిక్కుది ఇప్పిన. లోపటి తీగ చుట్ట తీసి, వెంట్రుక కంటె సన్నం తీగ తెచ్చి, భూతద్దం పెట్టుకొని మల్ల చుట్టిన. ప్లేటు పెట్టి మీ అమ్మమ్మను పిలిచిన. "తాళం వస్తుందా?" అన్న. "వస్తుంది, మంచిగనే వస్తుంది" అన్నది. "నీకేం తెలుస్తదే" అని ఇంత ఎత్తున లేచిన.

గంతటితోని ఆగితె మంచిగుండు. గా యేడే క్రిస్మస్ పాటలు నేర్చుకునేటప్పుడు... ఉండు, నీళ్ళు తాగనీ.

ఆమె పాడుతుంది. నాకు గొంతు గొంగడి కప్పుకున్నట్టు ఇనబడుతుంది. అందరి ముంగట అన్న, "నీ గొంతు పోయింది, నువ్వు జర ఎనుకకు పోయి కూసో" అని. చెవి నాది గద, నేను చెప్తె చెప్పినట్టే. ఆమె పాటల పుస్తకం మూసింది, ఎనుకకు పోయి కూసుంది. గా దినం సంది మల్ల పాడలే. చర్చిల పాడలే, పొయ్యి కాడ పాడలే. మీ అమ్మ గప్పుడు చిన్నది, పాడవే అమ్మా అని కొంగు పట్టుకొని ఏడుస్తుండె.

ఇంకోటి చేసిన. గిది మీ అమ్మకు గూడ చెప్పలే. ఆమె పాట పట్టిన టేపు పెట్టి ఇన్న. అది గూడ మొద్దుగనే ఇనబడ్డది. "టేపుల గూడ బాగలేదు, ఎందుకు దండుగ" అని దాని మీదనే పాస్టరు గారి ప్రసంగం పట్టిన. రెండు దిక్కుల.

కుడి స్పీకరు మూడోసారి చుట్టినంక కాలిపోయింది. ఇల్లంత వాసన. ఇగ పానా తీస్కొని ఎడమ దాని దిక్కు పోయిన. మీ అమ్మమ్మ డబ్బకు అడ్డం నిలబడ్డది. ఎన్నడు నాకు ఎదురు చెప్పని మనిషి! "తప్పుకో" అన్న. తప్పుకోలే. నా చేతి గడియారం ఇప్పి నా చెవి కాడ పెట్టింది. "నడుస్తుందా?" అన్నది. "ఆగిపోయింది, చావి ఇయ్యలే" అన్న. కండ్ల ముంగట పట్టింది. సన్న ముల్లు తిరుగుతుంది బిడ్డా. తిరుగుతుంది!

"డబ్బలు మంచిగనే ఉన్నయ్. పోయినయి నీ చెవులు. నాకు నాలుగేండ్ల సంది ఎరుకే. చెప్తె నువ్వు కుంగిపోతవని చెప్పలే" అన్నది. మెల్లగనే చెప్పింది, నేను ఆమె మూతి సూసి తెలుసుకున్న.

కరీంనగర్ల డాక్టరు గూడ గదే చెప్పిండు. పోయిన చెవులు ఇగ రావు అన్నడు.

ఇంటికొచ్చి ఏం చేసిన? కాళ్ళు పట్టుకోలే. మొగోన్ని గద, సిగ్గు. ఒకనాడు మెల్లగ, "ఓ పాట పాడవే" అన్న. నా మొఖం సూసి, "ఇప్పుడు పాడితె నీకేమినబడ్తది" అన్నది. కోపంగ అనలే, అయ్యో అన్నట్టు అన్నది. గా తర్వాత ఆరేండ్లు బతికింది. ఒక్కనాడు నన్ను తిట్టలే. తిట్టినా బాగుండు, గదే నన్ను తింటుంది.

ఆమె పోయినంక గా టేపు పెట్టి, గీ ఎడమ డబ్బకు చెవి ఆనిచ్చి చివరిదాక ఇన్న. ఏడనన్న ఓ ముక్క మిగిలిందేమో అని. మీ అమ్మను గూడ ఇనమన్న, ఎందుకో చెప్పలే. ప్రసంగమే ఉంది, అంత ప్రసంగమే.

ఎడమ డబ్బ మంచిగనే ఉంది బిడ్డా. దాన్ని మాత్రం ఇప్పకు, ఎవ్వన్ని ముట్టనియ్యకు. కుడి దానికి చిన్న స్పీకరు కొత్తది ఏసుకో. చీర అంచు గట్లనే ఉండనీ, ఏ సప్పుడు చేసినా అదే ఊగాలె. మొదలు నీ పాటనే పట్టి పెట్టుకో. నువ్వు పాడుతవని మీ అమ్మ చెప్పింది. నాకెందుకు పాడి ఇనిపిస్తవ్, వద్దు. నీ మూతి కదులుడు సూస్త, సాలు.

సల్లగుండు. నూరేండ్లు పాడుకో. ఎవడన్న నీ గొంతు మంచిగ లేదంటె, ముందుగాల వాని చెవికాడ గడియారం పెట్టి సూడు బిడ్డా... ముందుగాల గది సూడు...