పసుపు చీటీ

నా మీద అరిస్తే ఏం లాభం సార్? సంతకం ఎవరిది? మీదే కదా! నేను టైపిస్టుని. కొట్టమంటే కొడతాను, చెరపమంటే చెరుపుతాను. ముందు కూర్చోండి, కాసిని నీళ్లు తాగండి.

అసలీ ఫైలు సంగతి మీకంటే నాకే బాగా తెలుసు. మూడేళ్లు బీరువా అడుగున పడుంది. ఆ పెద్ద కంపెనీ తన ఆన్‌లైన్ బజారులో మా సరుకుని కాపీ కొట్టి, తనది ముందు పెట్టి, మమ్మల్ని వెనక్కి నెట్టేస్తోంది మహాప్రభో అని ఎంతమంది చిన్న వ్యాపారులు మొత్తుకున్నారు! పలికిన నాథుడున్నాడా?

మరి పోయిన నెల ఆ ఫైలుకి రెక్కలెలా వచ్చాయి? మంత్రిగారు సభలో కునుకు తీస్తున్న వీడియోని ఆ కంపెనీకే ఉన్న వీడియోల సైట్‌లోంచి తీసెయ్యమంటే వాళ్లు తియ్యం పొమ్మన్నారు. అంతే! మనకి చిన్న వ్యాపారుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అబ్బే, కాదనకండి, మీరు ఫోన్లో అంటుంటేనే విన్నాను.

రెండు ఆర్డర్లు కొట్టించారు. ఒకటేమో కంపెనీది తప్పు, జరిమానా కట్టాలి, సరుకులు చూపించే వరస మార్చాలి అని. రెండోది, తప్పేమీ లేదు, కేసు మూసేశాం అని. ఏది కావాలో పైనుంచి చెప్తారమ్మా అన్నారు. నిన్న వీడియో మాయమైంది. పొద్దున్న మీరు రెండోది పెట్టమన్నారు. ఔనా?

మీరెప్పుడు చదివారు గనక! నేను పసుపు చీటీ ఎక్కడ అంటిస్తే అక్కడ సంతకం గీకేస్తారు. పదకొండేళ్లుగా చూస్తున్నా. ఇవాళా అంతే, మంత్రిగారి పీఏతో ఫోన్లో జోకులేస్తూ గీకేశారు. ఇప్పుడది వెబ్‌సైట్‌లో ఉంది, టీవీలో మీ ఫొటో కూడా వస్తోంది. చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకుంటారా?

ఏడో అర్జీ గుర్తుందా? గుడ్డసంచులు కుట్టే మనిషిది. అది నా చెల్లెలు సార్. అది ఆలోచించి కుట్టిన సంచినే కంపెనీ దింపేసి మొదటి పేజీలో పెట్టుకుంది. దానిది తొమ్మిదో పేజీలో ఉంది. మొన్న వచ్చి, మిషను అమ్మేయనా అక్కా అంది.

పొరపాటని రాసిమ్మంటే రాసిస్తాను గానీ, పొరపాటు కాదు. ఆ చీటీ రెండో ఆర్డరు మీంచి తీసి మొదటిదానికి, ఆ జరిమానాదానికి, అంటించింది నేనే. తెలిసే చేశాను. మీరు మంత్రిగారి కోసం చేశారు, నేను చెల్లెలి కోసం చేశాను. ఇందులో న్యాయం కోసం చేసినవాళ్లెవరూ లేరు లెండి.

అదిగో, ఫోను. మంత్రిగారి పేషీయే అయ్యుంటుంది. ఎత్తండి. టైపిస్టు చేసిందంటారో, నేనే చేశానంటారో, మీ ఇష్టం.