కాష్ మిజేర్ రెసిడెన్సీ

భవానీపురం, 2004. కొత్త అపార్టుమెంటు ప్రారంభోత్సవం. మెట్ల కింద గదిలో బిల్డరు రత్తయ్య, సైటు ఇంజనీరు నాసిర్.

“బోర్డు మీద మళ్లీ గుడ్డ కప్పించావా, నాసిరూ?”

“కప్పించానండీ. గాలికి లేచిపోతోంది.”

“లేచిపోతే ఎవణ్ణన్నా పట్టుకుని నుంచోమను! ఇంతకీ ప్రారంభోత్సవానికొచ్చిన ఆ ముసలాయన ఏమన్నాడు?”

“యానాం ఆయన కదండీ, చిన్నప్పుడు ఫ్రెంచి బళ్లో చదివారట. బోర్డు చూసి నవ్వడం మొదలెట్టారు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు.”

“నవ్వడానికేముందయ్యా? క్యాచీ మైసర్ రెసిడెన్సీ! దర్జాగా లేదూ?”

“కాష్ మిజేర్ అనాలటండీ. చివరి అక్షరం రాస్తారు గానీ పలకరట.”

“పొద్దుట్నుంచీ మైకులో నేను క్యాచీ మైసర్ అనే అన్నానుగా!”

“అందుకేనండీ, బోర్డు తెరిచేదాకా ఆయనకీ అర్థం కాలేదు.”

“ఆ అర్థమేదో చెప్పి ఏడువు.”

“రెండు మాటలు కలిపిందటండీ. కాష్ అంటే దాచేది.”

“మంచిదేగా!”

“మిజేర్ అంటే దరిద్రం.”

“ఏంటీ?”

“లోపలి చిరుగుల చొక్కా కనపడకుండా పైన తొడుక్కునే కోటుని అలా అంటారట. లోపలి డొల్లని కప్పే పైమెరుగు ఏదైనా అదేనట. మనం బోర్డు మీద కప్పిన గుడ్డ కూడా అదేనని మళ్లీ నవ్వారు.”

“ఫ్లాట్లు కొన్నవాళ్లు విన్నారా?”

“కుర్చీలన్నీ ఖాళీ అండీ. అందరూ లోపల తాళంచెవులతో గోడలు గీకుతున్నారు.”

“గీకుతున్నారా! ఎక్కడ?”

“మూడో అంతస్తులో. గ్రానైటు పలక వెనక చెయ్యి దూరుతోందట.”

“ఆపవయ్యా! టిఫిన్లు పెట్టించు!”

“పెట్టించానండీ. తింటూ గీకుతున్నారు.”

“ఇది నీ పనే. సిమెంటు తగ్గించమన్నప్పుడు మొహం మాడ్చుకున్నావు. ఆ కసి ఇలా తీర్చుకున్నావు!”

“నాకు ఇంగ్లీషే అంతంతమాత్రమండీ. పక్క బిల్డింగుకి ఇంగ్లీషు పేరుందని, మనకి ఫ్రెంచి పేరు కావాలన్నది మీరు. తెలిసినవాళ్లని అడిగి తెచ్చాను.”

“ఎవరా తెలిసినవాళ్లు?”

“అదేనండీ... మార్కులొస్తాయని ఇంటర్లో ఫ్రెంచి తీసుకున్నవాళ్లు.”

“ఎవరూ అంటున్నా!”

“పేరెందుకులెండి ఇప్పుడు. పగుళ్ల మీద లప్పం పూసెయ్యమని మేస్త్రీతో మీరంటున్నప్పుడు పక్కనే ఉన్నారు.”

“పక్క బిల్డరు మనిషేనా? దాచకు నాసిరూ! ఎవరైనా సరే, నా బిల్డింగులో అడుగు పెట్టనివ్వను!”

“ఆమె కోరిందీ అదేనండీ. ఇందాక ఫోన్ చేస్తే, ‘నా పేర రాసిన ఫ్లాటు నాకొద్దని చెప్పండి, అందులో పడుకోవాలంటే భయం’ అంది.”

“పేర రాసిన ఫ్లాటా? నేను ఉత్తినే రాసిచ్చింది ఒక్కళ్లకే కదయ్యా...”

“ఆ ఒక్కళ్లేనండీ. మీ అమ్మాయి చిన్ని.”