ఆగి చూసే శత్రువు

అధ్యక్షులు పరమేశ్వర్ గారికి, ఎడపల్లి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, వెనక వరుసలో నిలబడ్డ నా పాత విద్యార్థులకు నమస్కారం.

నా పదవీ విరమణ సభ కదా, ఈ ముత్తన్న సార్ సాంఘికశాస్త్రం బాగా చెప్పారని ఇందాక అందరూ పొగిడారు. కొంచెం సరిదిద్దాలి.

నాలుగేళ్ల కింద నాకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయినప్పుడు, ఉద్యోగం వదిలేస్తానని కాగితం కూడా రాయించాను. అప్పుడు మన లెక్కల టీచరు నవత లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. అందులో ‘నీలిదుర్గం’ అనే ఆట, మూడు భాగాలు. (నవ్వులు) నవ్వండి, మా ఆవిడ సుమన కూడా నవ్వింది.

మొదటి భాగంలో పోరు వంతులవారీగా సాగుతుంది. నేను ఏం చేయాలో తేల్చుకునేదాకా రాక్షసుడు గద పట్టుకుని అలాగే నిలబడతాడు. నా చేయి మీట దాకా పోవడానికి నిమిషం పట్టినా ఏమీ అనడు. లోకం చిన్నది, నలభై ఇళ్ల ఊరు, కానీ ఏ తలుపు తట్టినా ఒక మనిషి, ఒక కథ. మన వర్ని ఊళ్లోలాగే కాలువ గట్టు పట్టుకుని నడిస్తే దారి తప్పం.

రెండో భాగంలో ఊళ్లు పెరిగాయి, శత్రువు ఆగడం మానేశాడు. మొదటి వంతెన దగ్గరే పదకొండుసార్లు చచ్చాను. మౌస్ విసిరికొట్టాను.

“చేతి మీద కోపమెందుకు సార్? జర ఎనుకకు జరుగుండ్రి. గద ఎత్తుతుండంగ చూసి తప్పుకోవచ్చు” అంది నవత.

మూడోది ఆమెకు ప్రాణం. పోరును కావలసినప్పుడు ఆపుకోవచ్చు, ఎటైనా పోవచ్చు. కానీ అంత పెద్ద లోకంలో అందరిదీ ఒకటే మాట, పైగా ఒక నది గుట్ట ఎక్కుతుంది! (నవ్వులు) దీనిమీద మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం.

ఆడగా ఆడగా వేళ్లు కదిలాయి, ఆ రాజీనామా కాగితం చింపి బడికొచ్చాను. పదో తరగతిలో మంజీర నది ఎక్కడ, దేనిలో కలుస్తుందని రుచితను అడిగాను. మాట తడబడే పిల్ల. అంతకుముందైతే రెండు క్షణాలు చూసి కూర్చోమనేవాణ్ని. ఆ రోజు మొదటి భాగంలోని రాక్షసుడు గుర్తొచ్చి ఆగాను. పిల్లలు నవ్వబోతే చేయెత్తి ఆపాను. చాలాసేపటికి చెప్పింది.

“కందకుర్తి కాడ, గోదావరిల సార్. మా అమ్మమ్మోళ్లది గాడనే.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నాకు ఎప్పటిసంది తెలుసు సార్. చెప్పేలోపట్నే మీరు కూసో అంటుంటిరి.”

రుచిత ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, అదిగో, ఆ కిటికీ పక్కన ఉంది. అమ్మా, తప్పు నాది. ఆనాడు తరగతిలో ఈ మాట అనడానికి సిగ్గుపడ్డాను.

ముప్పై రెండేళ్లలో ఇంకెందరిని అలా కూర్చోబెట్టానో నాకు తెలియదు. వాళ్లలో ఎవరైనా ఇక్కడుంటే, భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. ఆనాడు చెప్పబోయిన జవాబు ఇప్పుడు చెప్పండి. ఎంతసేపైనా వింటాను.

నవతకు, సుమనకు, మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఇక ఈ బడి నుంచి సెలవు.