ఓడల కంపెనీ పంపిన పూలు

సికింద్రాబాద్‌లో ఓడల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసది. టీమ్ లీడర్ గదిలోకి వచ్చిన అమ్మాయికి కూర్చునే ఓపిక కూడా లేదు.

"సార్, అమ్మకు సీరియస్‌గ ఉందంట. మౌలాలి పోవాలె, లీవియ్యండి."

"రేపే ఓడల కంపెనీకి డెమో. సరుకు దింపుడు స్క్రీన్ నువ్వు రాసిందే, నువ్వే చూపియ్యాలె."

"మన టీమ్ల యెషయాకు నేర్పిన సార్, చూపిస్తడు. క్లయింట్‌తోని నేనే మాట్లాడ్త. అమ్మ అంటే వాళ్లు కాదనరు."

"అమ్మ సంగతి వాళ్లకు చెప్పకు."

"ఎందుకు సార్?"

"పోయిన నెల మనం లేటయితే వారం గడువెట్లొచ్చిందనుకున్నవ్?"

"మీరే అడిగి తెచ్చిన్రు. అందరం చప్పట్లు కొట్టినం."

"మీ అమ్మ సచ్చిపోయిందని చెప్పి తెచ్చిన."

ఆమె కుర్చీ పట్టుకుంది.

"మా అమ్మనా?"

"టీమ్ కోసమమ్మా. జొరమంటే నమ్మరు. పాపం, పూలు సుత పంపిన్రు."

"ఆ పూలు మన పని మెచ్చుకోని పంపిన్రన్నరు గద సార్! అమ్మకు తీస్కపోయి ఇచ్చిన. ఎంత మురిసిందో. మంచం పక్కనే పెట్టుకుంది."

"మంచిదే గద. సంతాపం కార్డు నేను తీసేసిన."

"నేను పోత సార్."

"పో. నువ్వెందుకు లేవని వాళ్లడుగుతరు, అబద్ధం బయటపడ్తది, ప్రాజెక్ట్ పోతది, టీమంత ఇంటికే. మన టీమ్ల ఆలిస్ నిండు చూలాలు, ఆమెకు నువ్వే చెప్పుకో."

ఆమె తలుపు దాకా వెళ్లి ఆగింది.

"అమ్మ ఈ రాత్రి నిజంగనే పోతే సార్?"

"డెమో అయినంక పోదువు. వాళ్ల ముందట మాత్రం ఏడ్వకు. నెల దాటింది, తేరుకున్నవనుకుంటున్నరు."