‘ఇంకోసారి’ మేడమ్ గారూ, తడిసిన పరుపూ

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మేడమ్ గారు ఈ సంస్థలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించవలసి ఉండగా, స్వీకరించింది మాత్రం తొమ్మిదీ నలభైకి. ఆ నలభై నిమిషాల జాప్యానికి కారకుడు ఆవిడ ఏకైక తమ్ముడు. అక్కను స్కూటరు మీద దింపుతానని ముందురోజు నుంచీ ప్రగల్భాలు పలికి, వీధి మలుపు తిరిగాక పెట్రోలు లేదని కనిపెట్టిన ఆ మహానుభావుణ్ణి గురించి, ఆయనతో ఇరవై తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్న ఈ వ్యాసకర్త్రి చెప్పగలిగింది ఒక్కటే. మనిషి మంచివాడే కాని, ముఖ్యమైన వస్తువేదో ఒకటి ఇంట్లో మరిచిపోకుండా ఏ పనికీ బయలుదేరడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. ముందు ముందు అవసరపడుతుంది.

నిజానికి ఈ పదవీ విరమణ అభినందన వ్యాసం మేడమ్ గారితో ప్రోగ్రాములు రాసే సహోద్యోగి ఒకరు రాయవలసింది. ఆయన మూడు వారాలు శ్రమించి సమర్పించిన ప్రతిలో వాక్యాలకన్నా సెమికోలన్లు ఎక్కువగా ఉన్నందున, సంచిక సంపాదకవర్గం వారు గత్యంతరం లేక ఆవిడ మరదలిని ఆశ్రయించారు. మరదలు గృహిణి. కళాశాలలో సంపాదించిన చరిత్ర పట్టా బీరువాలో దుప్పట్ల కింద ముప్పై ఏళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్నందువల్ల, దానికీ కాస్త గాలి తగులుతుందని ఒప్పుకుంది.

మొదటి ఆరేళ్లు మేడమ్ గారు సాఫ్ట్‌వేర్ పరీక్షా విభాగంలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులను వెదకుతూ గడిపారు. ఆ తరువాత కెర్నెల్ విభాగానికి, అంటే యంత్రం లోలోపల ఎవరు ఎప్పుడు ఏ పని చేయాలో శాసించే మూలస్థానానికి మారారు. నెట్‌వర్కులో ఒక యంత్రం మరొక యంత్రానికి సందేశం పంపి ఊరుకోదట; ఫలానా వ్యవధిలో జవాబు రాకపోతే మళ్లీ పంపాలని ఒక టైమరు పెట్టుకుంటుందట. ఆ టైమర్లను పెట్టడం, ఆపడం, వాటి బాగోగులు చూడడం ఆవిడ బాధ్యత. ఎవరు ఏ పని పూర్తయిందని చెప్పినా, చిరునవ్వుతో “ఇంకోసారి చూద్దాం” అనే అలవాటు వల్ల ఆవిడకు ‘ఇంకోసారి’ మేడమ్ అనే బిరుదు స్థిరపడింది. ఆ బిరుదు ఇచ్చినవారే తరువాతి కాలంలో తమ పనిని ఆవిడకు చూపించనిదే బయటకు పంపేవారు కారు.

2014లో ఆ పట్టుదలకు అసలు పరీక్ష ఎదురైంది. ఆసుపత్రి పడకల పక్కన ఉండే యంత్రాల నుంచి రోగుల గుండె వేగాన్ని నర్సుల గదికి చేరవేసే పెట్టెలను సంస్థ అప్పట్లో తయారుచేసేది. ఆ పెట్టెల్లో ఏదో ఒకటి పది పన్నెండు రోజులకోసారి, కారణం తెలియకుండా, నలభై సెకన్లపాటు మూగబోయేది. ప్రాణాపాయం ఎవరికీ కలగలేదు కాని, ఒక నర్సు రాసిన ఉత్తరంలో ఇలా ఉంది: “ఆ నలభై సెకన్లూ మేం ఇద్దరం పద్నాలుగు పడకల మధ్య పరిగెత్తాం. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో మాకు తెలియలేదు.” మేడమ్ గారు ఆ ఉత్తరాన్ని తమ బల్ల ఎదుట గోడకు అంటించుకున్నారు.

జ్ఞాపకశక్తి చిప్పులు నాసిరకమని విభాగాధిపతి గారు తీర్మానించారు. పెట్టెలన్నీ రోజుకోసారి వాటంతటవే ఆగి మళ్లీ మొదలయ్యే ఏర్పాటు చేసి, నెలాఖరుకు ఫైలు మూసేయాలని ఆదేశించారు.

“చిప్పుల తప్పు కాదండి. టైమర్ల దగ్గరే ఎక్కడో ఉంది” అన్నారు మేడమ్ గారు.

“పదహారు వారాలైంది మేడమ్, పట్టుకున్నారా?”

“లేదు.”

“మరి?”

“ఇంకోసారి చూస్తాను. నెలాఖరు దాకా గడువుంది కదా. ఈలోగా ఫైలు మూసే కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టను.”

గడువు పదకొండు రోజులు. తప్పు ఎక్కడ జరుగుతోందో చూడడానికి అడుగడుగునా ఆనవాళ్లు అచ్చు వేయిస్తే, ఆ అచ్చువేత వల్లే పనుల వేగం మారి తప్పు జరగడం మానేసేది. కాపలా పెడితే దొంగ రాడు. తీసేస్తే పన్నెండో రోజున వస్తాడు. జట్టులోని ఇంజనీర్లు ప్రోగ్రాము ఫైళ్లన్నీ జల్లెడ పట్టారు, ఒక్కటి తప్ప. టైమరును ఆపే ఫైలు దగ్గరికి వచ్చేసరికి, “అది తెరవక్కర్లేదు. నేను రాసిందే” అని మేడమ్ గారే పక్కన పెట్టించారు. ఇంకోసారి చూడకుండా ఆవిడ వదిలేసింది జీవితంలో ఆ ఒక్క ఫైలే.

ఆ రోజుల్లోనే ఆవిడ ఇల్లు మారారు. ఆదివారాలు కూడా ఆవిడ ఆఫీసులోనే గడిపేవారు కనుక, పాత ఇంటి బాల్కనీలోని పన్నెండు పూలకుండీలకు ప్రతి ఆదివారం పదింటికి వెళ్లి నీళ్లు పోసే బాధ్యత తమ్ముడిది. శనివారం సాయంత్రమే కుండీలను కొత్తింటికి చేర్చిన మేడమ్ గారు, ఆ మాట తమ్ముడికి చెప్పలేదని మర్నాడు పొద్దున గుర్తొచ్చి, మరదలికి ఫోన్ చేశారు.

“వాణ్ణి ఇవాళ వెళ్లొద్దని చెప్పు. కొత్తవాళ్లు సామాన్లతో కింద నిలబడ్డారు, ఇల్లు ఇచ్చేస్తున్నా.”

మరదలు పొయ్యి దగ్గర నుంచి కదలకుండా లోపలి గది వైపు ఒక కేక వేసింది. “ఏమండీ, ఇవాళ వెళ్లక్కర్లేదట.” జవాబు రాలేదు. ఆ ఇంట్లో జవాబు రాకపోవడమే అంగీకారం. “సరే వదినా, ఆపేశాను” అని చెప్పింది. ఆ మాట మీద మేడమ్ గారు తాళాలు కొత్తవాళ్ల చేతిలో పెట్టారు.

తమ్ముడు గారు అప్పటికి పది నిమిషాల ముందే బయలుదేరారు. ఫోనూ, కళ్లజోడూ ఇంట్లోనే ఉన్నాయి. దారిలో పేపరు కొని, ఎదురైన ప్రతి పరిచయస్థుణ్ణీ పలకరించి, గంట తరువాత అలవాటు ప్రకారం వెనక మెట్ల మీదుగా బాల్కనీ చేరుకున్నారు. కుండీలు ఉండవలసిన చోట కొత్తగా దిగిన ఇల్లాలు పరుపు ఎండేసి, దాని మీద ఆకుపచ్చ పూల దుప్పటి పరిచి ఉంచింది. కళ్లజోడు లేని కళ్లకు ఆకుపచ్చ కనిపించింది, పూలూ కనిపించాయి. ఇంకేం కావాలి? ఒక బకెట్ నింపుకుని పోశారు. ఆ ఇల్లాలు బయటికొచ్చి, “ఏం చేస్తున్నారండీ” అంటే, “ఉండండమ్మా, ఇంకో బకెట్ ఉంది” అన్నారట.

ఆ సాయంత్రం పంచాయతీ మేడమ్ గారి సమక్షంలో జరిగింది.

“చెప్పాను కదండీ వెళ్లొద్దని” అంది మరదలు.

“ఎవరికి చెప్పావ్?”

“మీకే.”

“నేను లేనే.”

“లేకపోతే లేనని చెప్పొద్దూ?”

టీ కప్పు చేత్తో పట్టుకుని వింటున్న మేడమ్ గారు, ఉన్నట్టుండి మరదలి వైపు తిరిగారు. “నువ్వు ఆపేశానన్నావు చూడు, అప్పుడు వాడు ఇంట్లో ఉన్నాడా, బయలుదేరిపోయాడా?”

“అంటే తప్పు నాదంటారా వదినా?”

“తప్పు సంగతి కాదమ్మా. ఉన్నాడా, లేడా?”

“చూడలేదు.”

ఆవిడ కప్పు కింద పెట్టి, తమ్ముడి చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మరదలు దాన్ని అలకగా భావించి రెండు రోజులు ఫోన్ చేయలేదు. ఆవిడ అలగలేదు, మర్నాడు పొద్దున్నే ఆఫీసులో, తెరవక్కర్లేదన్న ఆ ఫైలును తెరిచారు.

టైమరును ఆపే వాక్యం, ఆ టైమరు పని ఇంకా మొదలవలేదో, తరువాతి కాలంలో పెట్టెలో చేరిన రెండో ప్రాసెసర్ మీద ఇప్పటికే మొదలైపోయిందో చూడకుండా ‘ఆపేశాను’ అని తిరిగొస్తోంది. ఆ మాట నమ్మి, యంత్రం ఆ టైమరు వాడుకుంటున్న జ్ఞాపకశక్తి గదిని ఖాళీ చేసి వేరొకరికి ఇచ్చేస్తోంది. అప్పటికే బయలుదేరిన టైమరు, తనకు తెలిసిన చిరునామాకే వచ్చి, కొత్తవారి పరుపు మీద నీళ్లు పోస్తోంది. దొంగను పన్నెండు రోజులు వేచి పట్టుకోవడం కాకుండా, మేడమ్ గారు టైమరు చేత దారిలో పేపరు కొనిపించే ఏర్పాటు చేశారు. అంటే, బయలుదేరిన టైమరు కావాలని కాస్త ఆలస్యంగా చేరేలా చేశారు. పెట్టె నాలుగు నిమిషాల్లో మూగబోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ మూగబోయింది. పదిసార్లు చూశాక గాని ఎవరికీ చెప్పలేదు.

గడువుకు మూడు రోజుల ముందు జరిగిన సమావేశంలో నలభై మంది ఉన్నారు. ఆ వాక్యం రాసిన నాటికి పెట్టెలో ఉన్నది ఒక్కటే ప్రాసెసర్ కనుక అది నిర్దోషమేనని, ఆవిడ చెప్పుకోవచ్చు. విభాగాధిపతి గారే ఆ దారి చూపించారు కూడా. మేడమ్ గారు లేచి నిలబడ్డారు. “రాసినప్పుడు తప్పు కాదండి. రెండో ప్రాసెసర్ వచ్చిన రోజున మళ్లీ చదవకపోవడం తప్పు. చదువుతామన్న వాళ్లని చదవనివ్వకపోవడం ఇంకా పెద్ద తప్పు. రెండూ నావే.” అని కూర్చున్నారు. ఆ తరువాత గదిలో చిప్పుల ప్రస్తావన రాలేదు.

బయలుదేరినవాడు తిరిగి వచ్చేదాకా ఇల్లు ఖాళీ చేయకూడదన్న సవరణతో పెట్టెలు బాగుపడ్డాయి. అవి ఆ తరువాత మూగబోయిన దాఖలా లేదు. గడచిన పదకొండేళ్లలో ఆవిడ తయారుచేసిన ఇంజనీర్లందరూ తాము రాసినదాన్ని ముందుగా ఇతరుల చేత చదివించుకుంటారు. నర్సు గారి ఉత్తరం మాత్రం పసుపు రంగుకు తిరిగి, నిన్నటిదాకా ఆ గోడమీదే ఉంది.

ముప్పై రెండేళ్ల అవిశ్రాంత సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారికి, ఏ గడువూ తరమని ఉదయాలు, నిండైన ఆరోగ్యం, కుండీలనిండా పూలు, ‘ఇంకోసారి’ అని మనసారా కోరుకోదగిన దీర్ఘాయుష్షు లభించాలని సహోద్యోగులూ, కుటుంబ సభ్యులూ ఏకకంఠంతో ఆకాంక్షిస్తున్నారు.

ఈ వ్యాసం ముగించే ముందు, ఆ తప్పును సరిగా రాశానో లేదోనని మరదలు ఆ సెమికోలన్ల సహోద్యోగికి ఫోన్ చేసింది. “బాగా రాశారండీ. బయలుదేరినవాడి తప్పేం లేదు. చూడకుండా ఆపేశానని చెప్పినదాని తప్పు” అన్నాడతను, పాపం ఏమీ తెలియక. మేడమ్ గారికి ఈ సంగతి ఆ సాయంత్రం టీ కప్పు దగ్గరే తెలుసు. పదకొండేళ్లలో ఒక్కనాడూ మరదలితో అనలేదు. ఆవిడ నలభై మంది ముందు ఒక్క నిమిషంలో చెప్పిన మాట తానూ చెప్పడానికి, మరదలికి ఇన్నేళ్లు పట్టింది.

పొయ్యి దగ్గర నుంచే కేక వేయబోయి, ఆగింది. మంట తగ్గించి, లోపలి గది దాకా నడిచి, మనిషి కుర్చీలో ఉన్నాడని కళ్లారా చూసుకుంది.

“ఏమండీ, ఆ పరుపు విషయంలో మీ తప్పేం లేదు. మీరున్నారో లేదో చూడకుండా ఆపేశానని చెప్పాను. తప్పు నాది.”